రంగప్ప ఒక్కపొద్దు

సెప్టెంబరు 11, గురువారం

చేప తినడం లేదట. నాకేం పట్టింది.

ఈ డైరీలో రాయవలసినవి వేరే ఉన్నాయి. తెలుగు సంఘం యతీశ్ నా వ్యాసాన్ని సంచికలో సగానికి కత్తిరించి, మిగిలిన సగంలో తన తప్పులు మూడు చేర్చి, కింద 'సహకారం: ఓబయ్య' అని వేసిన సంగతి ఇంకా సరిగ్గా రాయనే లేదు. కానీ పొద్దున్నుంచి ఇంట్లో చేప మాట తప్ప ఇంకో మాట లేదు.

నాగరత్నం తొట్టి అద్దానికి మొగం ఆనించి అడుగుతోంది. "రంగప్పా, ఏమాయె నీకు? మొన్న మూడు తింటివి. నిన్న ఒకటి తింటివి. ఈ పొద్దు మొగమే తిప్పుకుంటివి."

నలభై నాలుగేళ్ళ కాపురంలో నన్ను 'ఇదో' అని తప్ప పిలవలేదు. చేపకు పేరుంది. పేరు చివర అప్ప కూడా ఉంది.

మూడడుగుల అరోవానా. కొలిమిలోంచి తీసి నీళ్ళలో ముంచిన కత్తిలాగా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే. మాది కాదు. మిద్దె మీద అద్దెకున్న చక్రిది. అనంతపురం పక్క పిల్లోడు, ఇక్కడ హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం. పూనాకు మార్చినారని తొట్టీ, చేపా, ఒక చిన్న ఫ్రిజ్జూ వదిలి, "ఒక్క నెల చూసుకోండి ఆంటీ, వచ్చి తీసుకుపోతా" అన్నాడు. నాలుగేళ్ళయింది. ఫోను ఎత్తడం మానేసి మూడేళ్ళు. ఫ్రిజ్జు ఇంకా మిద్దె మీదే ఉంది. చేప మాత్రం కింద హాల్లోకి, కిటికీ పక్కకు దిగింది. నా పడక కుర్చీ ఉండిన చోటు అది.

సెప్టెంబరు 13, శనివారం

నాగరత్నం కుమారేశన్ అంగడికి పోయి వచ్చింది. ఇంట్లో ప్రాణిశాస్త్రం పుస్తకాలు ఒక అలమార నిండా ఉన్నాయి. వాటిని చదివినవాడు పక్క గదిలోనే ఉన్నాడు. అతన్ని అడగలేదు. ఆటో ఎక్కి బాగలూరు రోడ్డు దాకా పోయి, చదువంటే దినపత్రికలో రాశిఫలం అనుకునే మనిషిని అడిగి వచ్చింది.

కుమారేశనూ నేనూ ఇరవై ఆరేళ్ళు ఒకే ఫ్యాక్టరీలో, ఒకే పరీక్షల గదిలో ఉన్నాము. ఇనుము గట్టిదా కాదా చూసే పని. నేను తిప్పి పంపిన సరుకును ఆయన నవ్వుతూ పాస్ చేసేవాడు. పెద్ద సీటు ఆయనకే వచ్చింది. నా రిటైర్మెంటు సభలో మైకు పట్టుకొని ఏమన్నాడో అక్షరం అక్షరం గుర్తుంది. "ఓబయ్య సార్ ఎప్పుడూ రైటే. దానికే ఆయన టేబుల్‌లో ఎవురూ కూర్చొని సాపాటు తినేది లేదు." హాలంతా నవ్వింది. ముందు వరసలో నాగరత్నం కూడా నవ్వింది. ఆ రోజు నుంచి నేను అతనితో మాట్లాడలేదు.

తను రిటైరయినాక రంగుచేపల అంగడి పెట్టినాడు. ప్రతి మంగళవారం కవర్లో నీళ్ళు పోసి, వేలెడంత గోల్డ్‌ఫిష్‌లు ఇస్తాడు. రంగప్ప వారమంతా తినేది అవే. నాలుగేళ్ళుగా అవే. ఈరోజు ఇచ్చిన సలహా: నీళ్ళు మార్చు, ఉప్పు వెయ్యి, ఇంకా చిన్న గోల్డ్‌ఫిష్ ఇస్తాను, మెత్తగా ఉంటుంది.

మెత్తగా ఉంటుందట.

సెప్టెంబరు 14, ఆదివారం

పొద్దున పుస్తకాలు ముందేసుకొని కూర్చొని మధ్యాహ్నం అన్నానికి లేచినాను. చేప కోసం కాదు. ఒక విషయం మొదలుపెడితే తుద చూడనిదే నాకు నిద్ర రాదు.

సంగతి ఇది. గోల్డ్‌ఫిష్ ఒంట్లో ఒక పదార్థం ఉంది. అది బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. ఎప్పుడో ఒకటి తింటే ఏమీ కాదు. అదే తిండిగా ఏళ్ళ తరబడి తింటే, తిన్నవాడి ఒంట్లో ఆ విటమిన్ ఉండదు. కడుపు నిండుతూనే ఉంటుంది, ఒళ్ళు పెరుగుతూనే ఉంటుంది, లోపల నరాలు ఎండిపోతూ ఉంటాయి. ముందు ఆకలి పోతుంది. తర్వాత తూకం తప్పి ఒక పక్కకు ఒరుగుతుంది, తన చుట్టూ తాను తిరుగుతుంది, చిన్న చప్పుడుకే కొట్టుకుంటుంది. తర్వాత చస్తుంది. వెనకటికి ఓడల్లో తెల్లబియ్యం మాత్రమే తిన్నవాళ్ళ కాళ్ళు చచ్చుబడింది ఈ లోపం వల్లే. మా తాతల కాలంలో రాగిముద్ద తిన్నవాళ్ళకు ఆ జబ్బు పేరు కూడా తెలీదు.

అడవిలో ఏటిలో బతికే పెద్ద చేప ఒక్క జాతినే తిని బతకదు. పురుగు తింటుంది, రొయ్య తింటుంది, దొరికిన పది రకాలు తింటుంది. అద్దాల తొట్టిలో పెట్టి ప్రేమగా ఒకటే పెడతాము.

నాగరత్నం గోరుచిక్కుళ్ళు తుంచుతూ ఉంది. పోయి చెప్పినాను. "నీ చేపను నువ్వే చంపుతున్నావు. నువ్వూ, నీ కుమారేశనూ."

చేతిలో కాయ అట్లే పట్టుకొని చూసింది. "నీ నోట్లో ఒక్క మంచి మాట రాదా?"

"ఇందులో మంచీ చెడ్డా లేదు. రసాయనం."

"పో," అనింది. "పోయి చదువుకో."

కారణం చెప్పే అవకాశమే ఇవ్వలేదు. చదువు లేనివాళ్ళతో ఇదే చిక్కు. ఆమె ఎస్సెల్సీ ఫస్టు క్లాసులో పాసయింది, అది వేరే మాట.

సెప్టెంబరు 15

నాగరత్నం మాట్లాడడం లేదు. ఉన్నమాట చెప్పినాను, అంతే.

సెప్టెంబరు 17, బుధవారం

పెరటాసి పుట్టింది, తమిళులకు పెరుమాళ్ళ నెల. ఇల్లంతా కడిగినారు. ఫ్రిజ్జులో గుడ్లు కూడా పక్కింటి కాళమ్మ వాళ్ళ పనిమనిషికి పోయినాయి. నెల పొడుగునా ఈ ఇంటి గడప లోపలికి చేప, కోడి, గుడ్డు, ఏ నీచూ రాకూడదు. హోసూరులో సగం ఊరు ఇట్లాగే ఉంటుంది, కానీ నాగరత్నానిది ఊరి పెరటాసి కాదు, మొక్కు. చక్కెర జబ్బుతో నా కాలి బొటనవేలు నల్లబడి, కృష్ణగిరి ఆస్పత్రిలో కాలే తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరు అన్నప్పుడు, వరండాలో నిలబడి ఏడు పెరటాసులు మొక్కుకుంది. కాలు నిలిచింది. నిలబెట్టింది మందులు. ఆ మాట ఆమెకు ఎన్నిసార్లు చెప్పినానో లెక్క లేదు.

ఇది ఏడో పెరటాసి.

ఈ నెలలో రంగప్పకు కూడా గోల్డ్‌ఫిష్ బంద్. కుమారేశన్ ఇచ్చే గుళికలు వేస్తుంది. ఆ గుళికల్లో ఉండేది ఎండబెట్టిన చేపపిండే. ఈ సంగతి నేను ఇంతవరకు చెప్పలేదు. సమయం వచ్చినప్పుడు చెప్తాను.

సెప్టెంబరు 20, మొదటి శనివారం

ఈ రోజు జరిగింది రాయకపోతే రేపు నేనే నమ్మను.

పెరుమాళ్ళకు తళిగ వేసినారు. అరిటాకులో అన్నం కొండలా పోసి, నామం దిద్ది, దీపం పెట్టి, హారతి ఇచ్చినాక నాగరత్నం తొట్టిలో నాలుగు గుళికలు వేసింది. రంగప్ప చూడలేదు. గుళికలు ఉబ్బి కిందకు దిగినాయి. తళిగకు వచ్చిన కాళమ్మ చూసి, చెంపలేసుకుంది.

"అక్కా. రంగప్ప కూడా ఒక్కపొద్దు ఉండాడు."

నాగరత్నం తొట్టి వైపు తిరిగింది. ఆ మొగంలో వెలుగు రావడం నేను కళ్ళారా చూసినాను.

"పెరటాసికి ముందు నుంచే తినలేదు కాళమ్మా."

"ముందు నుంచే మొదలుపెట్టినాడు చూడక్కా. మన మాదిరి కడపటి నిమిషంలోనా? మా ఇంటాయన శనివారం పొద్దున పది దాకా ఉండలేడు, ఇడ్లీ అంటాడు."

మధ్యాహ్నానికి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చినారు. అద్దానికి పసుపు, కుంకుమ. తొట్టి మీద తులసిమాల. ఎవరో అద్దం మీద తిరునామం కూడా దిద్దినారు. విటమిన్ లేక ఆకలి చచ్చిపోయిన జంతువుకు హారతి పట్టినారు. జబ్బును భక్తి అన్నారు. ఈ దేశం గురించి నేను యాభై ఏళ్ళుగా చెప్తున్నదంతా మా హాల్లోనే, నా కుర్చీ ఉండిన చోటే జరిగింది.

నోరు తెరవబోయినాను. అప్పుడే నాగరత్నం నావైపు చూసింది. ఆరు రోజుల తర్వాత చూడడం. సంతోషంగా ఉంది.

గదిలోకి పోయి పడుకున్నాను. కాళ్ళు మండుతూ ఉండి, వాదించే ఓపిక లేక.

సెప్టెంబరు 22, సోమవారం

చేప ఒక పక్కకు ఒరిగింది. పుస్తకంలో రాసినట్టే, రాసిన వరసలోనే. గ్రైండరు వేస్తే చాలు ఒళ్ళంతా కొట్టుకొని అద్దానికి తగులుతోంది.

కుమారేశన్ వచ్చినాడు. నేను పడకగదిలో ఉన్నాను. తలుపు సందులోంచి అంతా వినబడుతుంది. ఏదో నీలం మందు నీళ్ళలో పోసినాడు. హాలంతా ఆస్పత్రి వాసన. తర్వాత గొంతు తగ్గించినాడు.

"అమ్మా, ఒకటి చెప్తాను, బాధపడొద్దు. అరోవానా అనేది ఇంటి కష్టాన్ని తన మీద వేసుకొని పోతుందంటారు. పోయినా మంచికే పోతుంది."

"ఎవరి కష్టమన్నా?"

"ఇంటి యజమానిది."

 తర్వాత నాగరత్నం ఏడుస్తోంది.

నా కష్టం మోసే పని ఆ చేపకు ఎవరు అప్పగించినారు? నేనడిగినానా? ఈ కుమారేశన్ ఇనుములో పగులు కనబడితే కూడా ఇట్లాగే ఒక మంచి మాట చెప్పి పాస్ చేసేవాడు.

సెప్టెంబరు 23

నాగరత్నం వంటింట్లో ఉన్నప్పుడు పోయి చూసినాను. ఒరిగే ఉంది. పైకున్న కన్ను నావైపు తిరిగింది.

నాకేం పట్టింది.

సెప్టెంబరు 24, బుధవారం

కృష్ణగిరికి పోయినాను, పెన్షన్ పని మీద.

పెన్షన్ పని ఏమీ లేదు. నేను రాసేది నేనే కదా చదివేది.

జిలేబి చేప కోసం పోయినాను, పుస్తకాల్లో తిలాపియా అంటారు. డ్యాంలో దొరికే జిలేబిలో ఆ పాడు పదార్థం లేదు, రెండు పుస్తకాల్లో చూసినాను. హోసూరులో కొంటే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. కెలవరపల్లి డ్యాం దగ్గరే, కానీ అక్కడ నాగరత్నం తమ్ముడు ఉన్నాడు. ఆయన నోరు డ్యాం గేటు కన్నా పెద్దది. అందుకని ఒక గంట బస్సులో కూర్చొని కృష్ణగిరి, అక్కడి నుంచి ఇంకో బస్సులో డ్యాం.

పెరటాసి కాబట్టి చేపలమ్మేవాళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. ఒకామె నన్ను చూసి లేచి నిలబడింది.

"రాప్పా. పెరటాసిలో చేప కొనేకి వచ్చినావంటే నువ్వు ధైర్యస్తుడివి. పెండ్లాం ఊర్లో లేదా?"

"నాకు కాదు."

"అందరూ అదే చెప్తారు."

"చేపకు."

"చేపకు చేపా?" పక్కామెను మోచేత్తో పొడిచింది. "చిత్రా, విన్నావా? మా ఆయన కుక్కకని కొంటా ఉండె. ఈయప్ప ఇంకా పైన ఉండాడు." మళ్ళీ నాతో, "ముల్లు తీసి ఇయ్యాల్నా? నీ చేపకు పండ్లు ఉండాయా లేవా?"

ముల్లు తీసి చిన్న ముక్కలు చేయమన్నాను. మూడు కవర్లలో చుట్టించినాను. అయినా తిరుగు బస్సులో, గురుబరపల్లి దగ్గర ఎక్కినామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "పెరటాసిలో ఎవరప్పా ఇది," అనింది. అందరూ అటూ ఇటూ చూసినారు. నేను కూడా చూసినాను.

మిద్దె మీదికి బయటి మెట్లున్నాయి. చక్రి వదిలిన ఫ్రిజ్జులో పెట్టినాను. నాలుగేళ్ళకు అది ఒక పనికి వచ్చింది. దాన్ని వదిలినవాడు రాడు.

సెప్టెంబరు 25

సాయంత్రం నాగరత్నం భజనకు పోయింది. అసలు తినని చేపకు ముక్క పెట్టి లాభం లేదు, ముందు ఆకలి పుట్టాలి. నా కాళ్ళ మంటకు డాక్టరు రాసిచ్చిన బి1 మాత్రలు పొడి చేసి, గ్లాసు నీళ్ళలో కలిపి, తొట్టి మోటారు ఆపి, దాని మొప్పల పక్కన కొంచెం కొంచెంగా పోసినాను.

ఇది మందు. మందులో నీచు లేదు.

సెప్టెంబరు 26

మళ్ళీ పోసినాను. కాళ్ళ మంట ఎక్కువగా ఉంది. వాతావరణం.

సెప్టెంబరు 27, రెండో శనివారం

ఒరగడం కొంచెం తగ్గింది. నాకు అనిపిస్తోందేమో.

పొద్దున నాగరత్నమూ కాళమ్మా కొండ మీది గుడికి పోయినారు. ముక్క మధ్యలో చీలిక పెట్టి, మాత్ర పొడి లోపల కూరి, చీపురు పుల్లకు గుచ్చినాను. ఇక్కడ ఒక సమస్య వచ్చింది. హాల్లోకి తీసుకుపోవాలంటే గడప దాటాలి. ఏడో ఏడు. ఆలోచిస్తూ వరండాలో నిలబడినాను. తొట్టి ఉండేది కిటికీ పక్కన. కిటికీ ఉండేది వరండాలోకి. వరండా మీద స్టూలు వేసుకొని, ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి, తొట్టి మూత జరిపి పుల్ల దించినాను.

గడప దాటలేదు. మొక్కులో కిటికీ మాట లేదు.

రంగప్ప ముక్కను నోట్లోకి తీసుకొని ఉమ్మేసింది. మళ్ళీ తీసుకుంది. మళ్ళీ ఉమ్మింది. మూడోసారి మింగింది.

డెబ్బయ్యొక్క ఏళ్ళ వయసులో స్టూలు మీద నిలబడి ఒక చేప మింగడం చూసి నాకు కళ్ళలో నీళ్ళు రావడం ఏమిటి. ఎండ సూటిగా పడుతోంది ఆ కిటికీ మీద.

సెప్టెంబరు 29

రెండు ముక్కలు.

అక్టోబరు 1, బుధవారం

రెండు ముక్కలు, ఉమ్మకుండా.

కాళమ్మ వాళ్ళ పిల్లి మా మిద్దె మెట్ల మీద కాపురం పెట్టింది. ఈరోజు కాళమ్మ గోడ మీంచి నాగరత్నంతో అంటోంది, "అక్కా, మా పిల్లి మీ ఇంటాయన ఎనకాలే తిరగతా ఉండాది. పాలు పోస్తే మా ఇంట్లో తాగేది లేదు. ఆయప్ప దగ్గర ఏమి మాయ ఉండాదో."

"ఆయన దగ్గరికి పోయే ప్రాణి అదొకటన్నా ఉందిలే," అనింది నాగరత్నం.

బాత్రూములో కొత్త సబ్బు పెట్టి ఉంది. నిమ్మకాయ వాసనది. ఎవరడిగినారో.

అక్టోబరు 2

మాత్రలు అయిపోయినాయి. నెలకు రాసిచ్చినవి అప్పుడే ఎట్లా అయిపోయినాయని మందుల షాపువాడు అడిగినాడు. మింగినాను అని చెప్పినాను. డాక్టరు చీటీ లేనిదే మళ్ళీ అన్ని ఇవ్వనన్నాడు. ఒక్క అట్ట ఇచ్చినాడు. ఒక అట్టతో ఇద్దరికి సరిపోదు.

అరికాళ్ళలో నిప్పులు పోసినట్టుంది.

అక్టోబరు 4, మూడో శనివారం

తళిగ. హాలు నిండా జనం. ఎక్కడెక్కడి నుంచో వచ్చినారు, రాయకోట నుంచి కూడా ఒక కుటుంబం వచ్చింది. మూడు శనివారాలుగా పచ్చి గంగ తప్ప ఏమీ ముట్టని చేపను చూడడానికి. పొద్దున ఆరు గంటలకు అది కిటికీ దగ్గర మూడు ముక్కలు తిని ఉంది.

హారతి పట్టేటప్పుడు రంగప్ప తొట్టి ఈ చివర నుంచి ఆ చివరికి నిటారుగా ఈది, అలవోకగా తిరిగి, మళ్ళీ వచ్చింది. గంట మోగినా కొట్టుకోలేదు. "గోవిందా" అని ఒక్కసారిగా అరిచినారు. ఒక ముసలామె నేల మీద పడి మొక్కింది. నాగరత్నం ఏడుస్తూ నవ్వుతోంది.

అన్నం మాని ప్రాణం తెచ్చుకున్న చేప. ప్రపంచంలో ఏ పుస్తకంలోనూ లేదు ఇది.

యాభై ఏళ్ళుగా ఇట్లాంటివాటి మీద వ్యాసాలు రాసినాను. ఏ బాబా చేతిలో విబూది ఎట్లా వస్తుందో చేసి చూపించినాను ఒకసారి, ఫ్యాక్టరీ క్యాంటీనులో. ఇప్పుడు నా ఇంట్లో ఒక మహిమ నడుస్తోంది, నడిపేది నేను.

అక్టోబరు 6, సోమవారం

చేప బతకడంలో సగం పేరు పెరుమాళ్ళకు పోయింది. మిగిలిన సగం కుమారేశన్ నీలం మందుకు. నాగరత్నం ఆయనకు చక్కెర పొంగలి డబ్బాలో పెట్టి పంపింది. తీసుకుపోయి ఇచ్చి రమ్మని నన్నే అడిగింది. కాళ్ళు బాలేవని చెప్పినాను. అది నిజమే.

అక్టోబరు 13, సోమవారం

నాగరత్నం ఫోన్లో, కుమారేశన్‌తో. "శుక్రవారంతో పెరటాసి అయిపోతుందన్నా. శనివారం పొద్దున్నే వస్తాను. పాపం నెలంతా పస్తు ఉండాడు. మంచి పెద్ద గోల్డ్‌ఫిష్‌లు తీసి పెట్టు. ఈసారి రోజూ ఇస్తాను, బాగా కోలుకోనీ."

రోజూ.

దీపావళి దాటి నెల గడిచేలోగా మళ్ళీ ఒరుగుతుంది. ఈసారి లేవదు.

చెప్పవచ్చు. చెప్తే, నీకెట్లా తెలుసు అంటుంది. ఎట్లా బాగయిందో చెప్పాలి. కవర్లు, ఫ్రిజ్జు, కిటికీ చెప్పాలి. ఏడు పెరటాసులు నా కాలి కోసం ఉన్న మనిషికి, కడపటి పెరటాసిలో నేనే నీచు తెచ్చినానని చెప్పాలి. కిటికీ సంగతి ఆమె ఒప్పుకోదు. నాకు నచ్చజెప్పుకున్నాను గానీ, ఆమె ఒప్పుకోదు.

చెప్పకుండా మెల్లగా మానిపించవచ్చు. నేను చెప్తే వినదు. ఎందుకో నాకు తెలీదు.

అక్టోబరు 14

ఆమె వినేది ఒక్కరి మాటే.

పోను.

అక్టోబరు 15, బుధవారం

పోయినాను.

అంగడిలో ఎవరూ లేరు. నాలుగు పక్కలా తొట్లు, మోటార్ల చప్పుడు, మధ్యలో కుమారేశన్ బల్ల మీద క్యారియరు విప్పుతూ ఉన్నాడు. లావైనాడు. జుట్టంతా పోయింది. అది చూసి కొంచెం బాగా అనిపించింది.

"ఓబయ్య సారా? ఎన్నాళ్ళకు. దారి తప్పినావా?"

"గోల్డ్‌ఫిష్ ఇవ్వొద్దు," అన్నాను.

"ముందు కూర్చో."

నిలబడే చెప్పినాను. గోల్డ్‌ఫిష్‌లో ఉండేదేమిటి, నాలుగేళ్ళలో అది చేసిందేమిటి, మాత్రలు, జిలేబి, కృష్ణగిరి బస్సు. స్టూలు మాట వచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టినాడు. కిటికీ మాట వచ్చేసరికి దగ్గు వచ్చి నీళ్ళు తాగినాడు.

"మొక్కులో కిటికీ లేదా? ఐయో సార్. లాయరుగా పోయుండాల్సింది నువ్వు."

"నీ నీలం మందుతో ఏమీ కాలేదు."

"తెలుసు సార్. ఆ మందుతో ఎప్పుడూ ఏమీ కాదు. ఏదో ఒకటి పోయకుంటే అమ్మ మనసు ఊరుకోదు." కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వే ఇంట్లో చెప్పొచ్చు గదా?"

"నేను చెప్తే వినదు."

"ఎందుకు వినదు?"

"నాకు తెలీదు."

ఈసారి నవ్వలేదు. నవ్వితే బాగుండేది. క్యారియరు గిన్నెలు ఒకటొకటిగా బల్ల మీద పెట్టినాడు.

"సరే, నేను చెప్తాను. కానీ ఓబయ్యా, చెప్తే నేనే కనుక్కున్నట్టు చెప్పాలి. నీ పేరు వస్తే అమ్మ అన్నీ అడుగుతుంది. నీకు పరవాల్లేదా?"

అతని వెనక తొట్టిలో గోల్డ్‌ఫిష్‌లు వందలుగా ఒకదాని మీద ఒకటి తిరుగుతున్నాయి. వాటికి మాత్రం ఏం తెలుసు, తాము తిండి కావడానికే పుట్టినామనీ, తిన్నవాణ్ణి చంపుతామనీ.

"అట్లే చెప్పు," అన్నాను.

మూత తిరగేసి, అందులో సగం పెరుగన్నం పెట్టి నా ముందుకు తోసినాడు. "పెరటాసి సాపాటు. తిను. ఇంతదూరం వచ్చినావు."

ఇద్దరమూ ఒకే బల్ల దగ్గర కూర్చొని తిన్నాము. ఉప్పు ఎక్కువయింది. చెప్పలేదు.

అక్టోబరు 18, శనివారం

పెరటాసి నిన్నటితో అయిపోయింది. ఏడూ నిండినాయి. నాగరత్నం పొద్దున దేవుడి ముందర చాలాసేపు కూర్చుంది. లేచి వచ్చి నా కాలి వేలు ఒకసారి చూసి వంటింట్లోకి పోయింది.

పదకొండు గంటలకు కుమారేశన్ వచ్చినాడు. నేను హాల్లోనే కూర్చున్నాను. వరండా పక్క, పుస్తకం తెరుచుకొని.

చెప్పినాడు. బాగానే చెప్పినాడు, నేను చెప్పినదానికన్నా తేలికగా చెప్పినాడు. "అమ్మా, మనిషికి ఒకే కూర నాలుగేళ్ళు పెడితే ఎట్లా ఉంటుంది? పెట్టినవాళ్ళది తప్పు కాదు, ప్రేమగానే పెట్టినారు. చేపకు కూడా అంతే." ఎక్కడా చంపుతున్నావు అన్న మాట లేదు. సింగపూరు నుంచి ఒక పెద్ద పుస్తకం తెప్పించి, నెలంతా కూర్చొని చదివి కనుక్కున్నానన్నాడు. చదివి అన్నప్పుడు నావైపు చూడలేదు, దానికి కృతజ్ఞుణ్ణి. ఇక మీద జిలేబి ముక్కలూ బి1 మాత్రలూ తనే పొట్లాలు కట్టి ఇస్తాడట. కొత్త వ్యాపారం.

ఆయన పోయినాక నాగరత్నం నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"చూస్తివా? ఒక చేప కోసం అన్న నెలంతా పుస్తకం చదివినాడు. నువ్వు ఇంటినిండా పుస్తకాలు పెట్టుకొని ఏం లాభం?"

"ఆయనకు తెలుసు," అన్నాను.

కొంచెం ఆశ్చర్యంగా చూసింది. ఇంకేదో అంటానని కాచుకొని ఉంది. చేపపిండి గుళికల సంగతి నా దగ్గర ఇంకా ఉంది. అది కూడా చెప్పలేదు.

అక్టోబరు 21

కొత్త చీటీ రాయించుకున్నాను. కాళ్ళ మంట ఇంకా ఉంది.

అక్టోబరు 28, మంగళవారం

పొట్లం తేవడానికి నాగరత్నం నన్నే పంపింది. కుమారేశన్ అంగడిలో ఈసారి జనం ఉన్నారు. గోడకు తమిళంలో, తెలుగులో బోర్డు: 'పెరటాసి అరోవానా ఆహారం.' తెలుగులో రెండు అక్షరదోషాలు.

వరసలో నిలబడినాను. నా వంతు వచ్చినాక, ఎట్లా తినిపించాలో నలుగురి ముందర నాకు వివరంగా చెప్పినాడు. నాకంటే వాళ్ళకు చెప్తున్నాడు, అందులో తప్పేమీ లేదు. పొట్లంలో మాత్రలు విడిగా ఉంటాయి, పొడి చేసి ముక్క మీద చల్లి వెయ్యమన్నాడు. మీద చల్లితే నీళ్ళలో పడగానే కరిగిపోతుంది. చీల్చి లోపల పెట్టాలి. ఆ రోజు బల్ల దగ్గర ఈ మాట రెండుసార్లు చెప్పినాను.

అందరి ముందర విన్నాను. తల ఊపినాను.

ఇంటికి వచ్చేసరికి నాగరత్నం తొట్టి దగ్గర ఉంది. "ఇదో, అన్న ఏం చెప్పినాడు?"

ఆయన చెప్పింది చెప్పినట్టే, ఆయన మాటగానే అంతా చెప్పినాను. ఆ ఒక్కటి దిద్ది.